నల్గొండ ఎంపీల పట్టిక లెక్క కుదరడం లేదు, తెలిసినవాళ్లు చెప్పండి

ప్రశ్న

అందరికీ నమస్కారం. మా ఊరి గ్రంథాలయంలో గోడకు పెట్టడానికి నల్గొండ లోక్‌సభ స్థానం చరిత్రను పట్టికగా రాస్తున్నాను, 1952 నుంచి 2024 దాకా. మూడు చోట్ల ఆగిపోయాను. 1952లో రావి నారాయణరెడ్డి, సుంకం అచ్చాలు అని ఇద్దరి పేర్లు ఉన్నాయి. మధ్యలో ఉప ఎన్నిక ఏమైనా వచ్చిందా? రెండోది, మాది సూర్యాపేట వైపు. మా నాన్న "మనకు బీఎన్ రెడ్డి ఎంపీగా చేసిండు" అంటారు. నల్గొండ జాబితాలో ఆ పేరే లేదు. మూడోది, 1996 దగ్గర 480 మంది అభ్యర్థులు అని ఉంది. ఇది 48 అయి ఉంటుందా?

జవాబు 1

1952ది ఉప ఎన్నికే అయి ఉంటుంది. ఒక సీటుకు ఇద్దరు ఎట్లా ఉంటారు?

జవాబు 2

ఉంటారు అన్నా. అప్పట్లో ద్విసభ్య నియోజకవర్గాలు ఉండేవి. 1952లో దేశం మొత్తం మీద 489 లోక్‌సభ సీట్లకు నియోజకవర్గాలు 401 మాత్రమే. వాటిలో 86 చోట్ల ఇద్దరేసి, బెంగాల్లో ఒకచోట ముగ్గురు ఎంపీలు. నల్గొండ ఆ 86లో ఒకటి. ఒక సీటు జనరల్, ఒకటి రిజర్వుడు. ఓటరుకు రెండు ఓట్లు, కానీ రెండూ ఒకే అభ్యర్థికి వేయకూడదు. ఇద్దరూ ఒకేసారి, ఒకే ఎన్నికలో గెలిచారు. ఇద్దరూ పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ వాళ్లే. హైదరాబాద్ రాష్ట్రంలో కమ్యూనిస్టు పార్టీ మీద అప్పటికి నిషేధం ఉంది కాబట్టి ఆ పేరుతో నిలబడ్డారు. పార్టీ కాలమ్‌లో సీపీఐ అని రాయకండి.

ఇక్కడే ఇంకో జాగ్రత్త. రావి నారాయణరెడ్డికి 3,09,162 ఓట్లు వచ్చాయి, నెహ్రూకు 2,33,571. దేశంలోనే ఎక్కువ ఓట్లు ఆయనకే అన్నది నిజమే. నెహ్రూ నిలబడ్డ అలహాబాద్ స్థానం కూడా ద్విసభ్యమే కాబట్టి ఆ పోలిక చెల్లుతుంది. అయితే చాలామంది దీన్ని "నెహ్రూ కన్నా ఎక్కువ మెజారిటీ" అని రాసేస్తారు. అక్కడ పోల్చింది వచ్చిన ఓట్లను. మెజారిటీ వేరే లెక్క. ఇంకోటి, మనిషికి రెండు ఓట్లు కాబట్టి పోలైన ఓట్లను ఓటర్ల సంఖ్యతో భాగిస్తే పోలింగ్ శాతం తప్పుడుది వస్తుంది, ఒక్కోసారి నూరు కూడా దాటుతుంది. 1952, 1957 వరుసల్లో శాతం కాలమ్ ఖాళీగా వదిలేయడం నయం.

జవాబు 3

ఈ ద్విసభ్య పద్ధతిలో తమాషా చూడాలంటే పార్వతీపురం 1957 చూడండి. అక్కడ జనరల్ సీటు మీద ఆశతో వి.వి. గిరి నిలబడ్డారు. తీరా లెక్కపెడితే మొదటి రెండు స్థానాలూ ఎస్టీ అభ్యర్థులకే వచ్చాయి, ఇద్దరూ గెలిచినట్టు ప్రకటించారు. రిజర్వుడు అభ్యర్థి జనరల్ సీటు ఎట్లా తీసుకుంటాడని గిరి సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. ఎక్కువ ఓట్లు వస్తే తీసుకోవచ్చని 1959లో కోర్టు తేల్చింది. 1961లో చట్టం చేసి ద్విసభ్య స్థానాలను రద్దు చేశారు. కాబట్టి మీ పట్టికలో 1962 నుంచి ఒక్కొక్క పేరే.

ప్రశ్న అడిగినవారు

చాలా క్లియర్‌గా ఉంది సార్. మరి బీఎన్ రెడ్డి సంగతి?

జవాబు 2

మీ నాన్నగారు చెప్పింది కరెక్టే. మీరు వెతికిన చోటు తప్పు. 1962 నుంచి 2008 దాకా మిర్యాలగూడ అని వేరే లోక్‌సభ స్థానం ఉండేది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ అందులోవే. 2008లో నియోజకవర్గాల హద్దులు మార్చిన పునర్విభజనలో అది పోయి భువనగిరి వచ్చింది. ఇప్పటి నల్గొండలో దేవరకొండ, నాగార్జునసాగర్, మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ, సూర్యాపేట, నల్గొండ ఉన్నాయి. అంటే పేరు నల్గొండదే అయినా నేల చాలావరకు పాత మిర్యాలగూడది. ఇటు మునుగోడు, భువనగిరి, ఆలేరు అసెంబ్లీ స్థానాలు భువనగిరి లోక్‌సభ కిందికి పోయాయి. చలకుర్తి, రామన్నపేట లాంటి అసెంబ్లీ స్థానాలైతే పేరుతో సహా పోయాయి. మిర్యాలగూడ నుంచి 1999, 2004లో గెలిచిన జైపాల్ రెడ్డి, 2009లో చేవెళ్లకు మారింది కూడా సీటే లేకుండా పోయాక.

అందుకే నన్నడిగితే, పేరు పట్టుకుని ఒకే వరుసగా రాసిన పట్టిక సూర్యాపేట వాళ్లకు వాళ్లది కాని చరిత్ర చెబుతుంది. 2004 దాకా నల్గొండ, మిర్యాలగూడ పక్కపక్కన రెండు కాలమ్‌లు పెట్టండి. 2009 నుంచి నల్గొండ, భువనగిరి పెట్టండి. నడుమ అడ్డంగా ఎర్రగీత గీసేయండి.

ఇక అసలు చిక్కు. బీఎన్ రెడ్డి ఒకరు కాదు, ఇద్దరు. సీపీఎం భీమిరెడ్డి నరసింహారెడ్డి 1971, 1984, 1991లో గెలిచారు, తెలంగాణ సాయుధ పోరాటంలో పేరున్న మనిషి. కాంగ్రెస్ బద్దం నరసింహారెడ్డి 1989, 1996, 1998లో. ఒకరి తర్వాత ఒకరు రావడంతో చాలా జాబితాల్లో ఇద్దరినీ కలిపి, మనిషి పార్టీలు మారుతూ పోయినట్టు రాసేశారు. ఇంటి పేరు పూర్తిగా రాయండి.

జవాబు 4

నల్గొండ కాలమ్‌కు నా దగ్గర ఉన్నది ఇస్తున్నా, సరిచూసుకోండి. 1957 దేవులపల్లి వెంకటేశ్వరరావు (ఇది కూడా ద్విసభ్యమే, రెండో పేరు ఎన్నికల సంఘం రిపోర్టులో చూసి వేసుకోండి). 1962 మళ్లీ రావి నారాయణరెడ్డి, ఈసారి సీపీఐ పేరు మీదే. 1967 యూనుస్ సలీం, కాంగ్రెస్. 1971 కంచర్ల రామకృష్ణారెడ్డి, తెలంగాణ ప్రజాసమితి. ఆ ఏడు ప్రజాసమితి పది సీట్లు గెలిచింది కదా, అందులో ఒకటి. 1977 అబ్దుల్ లతీఫ్, 1980 టి. దామోదర్ రెడ్డి, ఇద్దరూ కాంగ్రెస్. 1984 రఘుమారెడ్డి, టీడీపీ. 1989 చకిలం శ్రీనివాసరావు, కాంగ్రెస్. 1991, 1996 బొమ్మగాని ధర్మభిక్షం, 1998, 2004 సురవరం సుధాకర్ రెడ్డి, నాలుగుసార్లూ సీపీఐ. నడుమ 1999 గుత్తా సుఖేందర్ రెడ్డి టీడీపీ. ఆయనే 2009, 2014లో కాంగ్రెస్ నుంచి. తర్వాత టీఆర్‌ఎస్‌లో చేరారు గానీ, పట్టికలో గెలిచిన నాటి పార్టీయే ఉండాలి. 2019 ఉత్తమ్ కుమార్ రెడ్డి, 2024 కుందూరు రఘువీర్ రెడ్డి, ఇద్దరూ కాంగ్రెస్. రఘువీర్ మెజారిటీ 5 లక్షల 59 వేలు దాటింది.

ప్రశ్న అడిగినవారు

థాంక్స్ అన్నా, సగం పని అయిపోయింది. ఎన్నికల సంఘం వెబ్‌సైట్లో రిపోర్టులు తెరిచాను గానీ తెలంగాణ కింద 2014 నల్గొండ దొరకడం లేదు.

జవాబు 2

దొరకదు. 2014 ఏప్రిల్ 30న మనం ఓటేసేనాటికి రాష్ట్రం విడిపోలేదు, జూన్ 2న విడిపోయింది. ఆ రిపోర్టులో ఆంధ్రప్రదేశ్ 42 సీట్లలో వెతకండి. 1952ది హైదరాబాద్ రాష్ట్రం కింద ఉంటుంది. ఇంగ్లిష్‌లో పేర్ల స్పెల్లింగు ఒక్కో ఏడాది ఒక్కోలా ఉంటుంది, సెర్చ్ కొట్టి రాలేదని వదిలేయకండి, పేజీలు తిప్పండి. ఏ అసెంబ్లీ ఏ లోక్‌సభలో ఉందో పునర్విభజన ఉత్తర్వుల్లోనే చూడండి. బూత్ వారీ ఓట్లు కావాలంటే ఫారం 20 అనే తుది ఫలితాల పత్రం చూడండి.

జవాబు 3

480 అచ్చుతప్పు కాదు! ఫ్లోరైడ్ నీళ్లతో జనం ఎముకలు వంగిపోతుంటే ఎవరికీ పట్టడం లేదని, కృష్ణా నీళ్లు కావాలని జలసాధన సమితి తరఫున వందల మంది నామినేషన్లు వేశారు. దుశర్ల సత్యనారాయణ నడిపిన ఉద్యమం అది. బ్యాలెట్‌ను పుస్తకంలా అచ్చు వేయాల్సి వచ్చింది. డిపాజిట్ అప్పుడు 500 రూపాయలే, ఎస్సీ, ఎస్టీలకు 250. అదే ఏడాది చట్టం సవరించి 10 వేలు, 5 వేలు చేశారు. గుర్తింపు లేని పార్టీల వాళ్లకు, స్వతంత్రులకు పదిమంది ప్రతిపాదకులు ఉండాలన్నారు. ఇప్పుడు డిపాజిట్ 25 వేలు, 12,500. అయినా 2019లో నిజామాబాద్ పసుపు, ఎర్రజొన్న రైతులు నిరసనగా నామినేషన్లు వేయకుండా ఆగలేదు. 185 మంది బరిలో ఉంటే ఒక్కో బూత్‌లో ఓటు మీట నొక్కే ఈవీఎం బ్యాలెట్ యూనిట్లు 12 పెట్టారు.

ప్రశ్న అడిగినవారు

మరి ఆ 480 పేర్లూ పట్టికలో రాయాలా సార్?

జవాబు 3

అక్కర్లేదు. గెలిచినవారు, రెండోవారు, మొత్తం అభ్యర్థుల సంఖ్య చాలు. ఆ అంకె పక్కన "ఫ్లోరైడ్ నిరసన" అని మాత్రం రాయండి, లేకపోతే చూసిన ప్రతివాడూ మీలాగే సున్నా ఎక్కువ పడిందనుకుంటాడు.