అప్‌డేట్: గ్యాస్ బాయిలర్ తీసేశాం, ఆవిరి ఇంజన్ తిరుగుతోంది

ఇంగ్లండ్‌లోని లాంకషైర్‌లో నేను వాలంటీర్‌గా ఉన్న చిన్న నేత మిల్లు మ్యూజియంలో గ్యాస్ మానేస్తే పాత ఆవిరి ఇంజన్‌ను దేనితో నడపాలని అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్.

పనికొచ్చింది ఎలక్ట్రిక్ బాయిలర్. మాంచెస్టర్ సైన్స్ అండ్ ఇండస్ట్రీ మ్యూజియం పవర్ హాల్‌లోనూ ఇంజన్లకు అదే పెట్టారు. అక్కడ హాలును వెచ్చబెట్టే హీట్ పంప్ (బయటి వేడిని లోపలికి చేర్చే యంత్రం) వేరే. దాంతో ఇంజన్ నడవదు.

ఇంజనీరు వచ్చి చూసి, మగ్గాల లోడు లేకుండా నెమ్మదిగా తిప్పితే ఒకప్పటి ఆవిరిలో కొద్ది భాగం చాలన్నారు. గంటకు 100 కిలోల ఆవిరి కావాలంటే దాదాపు 75 కిలోవాట్లు. అసలు టెన్షన్ బాయిలర్‌తో కాదు, కరెంటు కనెక్షన్‌తో! త్రీ ఫేజ్ కెపాసిటీ పెంచడానికే ఎక్కువ కాలం పట్టింది. మీరు ముందు అదే అడగండి.

ఆవిరికి బదులు కంప్రెస్డ్ ఎయిర్‌తో (ఒత్తిడితో కుదించిన గాలి) తిప్పడం వద్దనుకున్నాం. గాలి వ్యాకోచించేటప్పుడు సిలిండర్ చల్లబడి, ఆవిరి వేడికి తగ్గట్టు తయారైన నూనె చిక్కబడుతుంది. పైగా ఆవిరి బుసలు లేని ఇంజన్‌ను ఎవరు చూస్తారు? మీ సలహాల్లో సోలార్ మీద అంత చర్చ జరిగింది కానీ ఈ సమస్యకు దానితో సంబంధం లేదని తేలింది.

ఇంజన్‌ను ముందు మెల్లగా వేడిచేసి, డ్రెయిన్ కాక్‌లు (సిలిండర్ కింది చిన్న కుళాయిలు) తెరిచి, లోపల చేరిన నీళ్లు వదిలే పని మాత్రం ఎప్పటిలాగే ఉంది. బాయిలర్ ఎలక్ట్రిక్ అయినా ప్రెషర్ ఇన్‌స్పెక్షన్ తప్పదు.