రూబెన్ అండ్ ద జెట్స్: ఏ మిక్స్ కొనాలి?

అమెరికన్ రాక్ సంగీతకారుడు ఫ్రాంక్ జప్పా అభిమానులు ఎవరైనా ఉంటే కాస్త సాయం చేయండి. అతని బ్యాండ్ మదర్స్ ఆఫ్ ఇన్వెన్షన్ వాళ్లు 1968లో డూ-వాప్ పాటల్ని (యాభైల నాటి అమెరికా కోరస్ పాటలు) ఆటపట్టిస్తూనే నెత్తిన పెట్టుకుని చేసిన 'క్రూజింగ్ విత్ రూబెన్ అండ్ ద జెట్స్' ఆల్బమ్ పాత సీడీ ఒకటి దొరికింది. అట్ట మీద కుక్కముక్కుల బొమ్మలు, లోపల రే కాలిన్స్ గొంతు, వెనక సన్నగా సాగే కోరస్... అంతా బాగుంది. చిక్కంతా డ్రమ్స్ దగ్గరే. టపటపమని అచ్చం ఎనభైల పాటల్లా మోగుతున్నాయి! 1980లలో జప్పానే బేస్, డ్రమ్స్ కొత్తగా వాయింపించి కలిపాడట. ఎందుకొచ్చిన ముచ్చటో!

2010లో వచ్చిన 'గ్రీసీ లవ్ సాంగ్స్' సీడీలో ఈ ఆల్బమ్ అసలు మిక్స్, అంటే కొత్త డ్రమ్స్ కలపని 1968 నాటి రూపం ఉంది. అది కొనాలా, 1968 నాటి ఎల్పీ (వినైల్ రికార్డు) కోసం వెతకాలా? పాత ఎల్పీ అంటే గీతలు, చిటపటలు ఉంటాయేమోనని టెన్షన్. రెండూ విన్నవాళ్లు చెప్పండి, ప్లీజ్.