గన్ షోకి మొదటిసారి వెళ్తున్నా, బేరాలు ఎలా చూడాలి?

ప్రశ్న: ఫ్రిస్కో, టెక్సస్

అందరికీ నమస్కారం. హెచ్-1బీ మీద ఈ మధ్యే డాలస్ వైపు వచ్చాను. మా ఆఫీసులో పక్క సీటాయన వచ్చే వారాంతం గన్ షోకి, అంటే తుపాకులూ వాటి సామానూ అమ్మే సంతకి, రమ్మంటున్నాడు. బయట షాపుల్లో కంటే అక్కడ చవగ్గా దొరుకుతాయట, మంచి పిస్టల్ ఒకటి చూసిపెడతానంటున్నాడు. కాగితాల గొడవ నీకెందుకు, నా పేరు మీద కొని నీకిస్తాలే అని కూడా అన్నాడు. అపార్ట్‌మెంట్లో ఒక్కణ్ణే ఉంటున్నా కాబట్టి ఒకటి ఉంటే మంచిదేమో అనిపిస్తోంది. ధర ఎలా తెలుసుకోవాలి, మోసపోకుండా ఏం చూసుకోవాలి, తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు: ప్లేనో

తమ్ముడూ, షోకి తప్పకుండా వెళ్లు. ఈ దేశంలో ఉన్నందుకు ఒకసారి చూడాల్సిందే. ఆ పిస్టల్ మాట మాత్రం ఇక్కడితో ఆపెయ్. మీ ఆఫీసాయన మంచి మనసుతోనే చెప్పి ఉంటాడు, కానీ మన వీసాల సంగతి ఇక్కడ పుట్టినవాళ్లకి తెలియదు.

నాన్-ఇమిగ్రంట్ వీసా మీద ఉన్నవాళ్లు, అంటే హెచ్-1బీ, హెచ్-4, ఎఫ్-1, ఎల్-1, బీ-2 అందరూ, ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోకూడదు. కొద్దిపాటి మినహాయింపులున్నాయి. వాటిలో మనలాంటివాళ్లకి వర్తించేది దాదాపు ఒకటే: చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు. 2022లో చట్టం మార్చాక ఈ నేరానికి గరిష్ఠ శిక్ష 10 ఏళ్ల నుంచి 15 ఏళ్లయింది. దాని మీద శిక్ష పడితే దేశం నుంచి పంపించెయ్యడానికీ అదే కారణం అవుతుంది. గ్రీన్‌కార్డు క్యూలో ఏళ్ల తరబడి నిలబడేది ఇందుకా?

తన పేరు మీద కొని నీకివ్వడమంటావా, అది ఇంకా పెద్ద తప్పు. డీలరు దగ్గర నింపే 4473 ఫారంలో అసలు కొనుగోలుదారు మీరేనా అని అడుగుతారు. అక్కడ అబద్ధం రాస్తే ఆయనా ఇరుక్కుంటాడు, నువ్వూ ఇరుక్కుంటావు. 2022 నుంచి ఇలా ఇంకొకరి కోసం కొనిపెట్టడానికే ప్రత్యేకంగా ఒక సెక్షను ఉంది.

షోలో ఇంకో రకం మనుషులు కనిపిస్తారు. భుజాన రైఫిల్, దాని గొట్టంలో చిన్న కర్ర, కర్రకి ధర రాసిన కాగితం. వాళ్లు డీలర్లు కాదు, సొంత తుపాకీ అమ్ముకోవడానికి వచ్చినవాళ్లు. టెక్సస్‌లో అలాంటి ప్రైవేటు అమ్మకానికి బ్యాక్‌గ్రౌండ్ చెక్ (కొనేవాడి పాత రికార్డు చూడటం) అక్కర్లేదు. చెక్ లేదు కదా అని నీకు కొనే హక్కు వచ్చినట్టు కాదు. నీ వీసా సంగతి తెలిసీ నీకు అమ్మితే అమ్మినవాడిదీ నేరమే.

టేబుల్ మీదున్న తుపాకీని చేతిలోకి తీసుకోవడం కూడా వద్దు. కళ్లతో చూడు, ప్రశ్నలు అడుగు, ఎవరూ ఏమీ అనుకోరు.

మళ్లీ ప్రశ్న: ఫ్రిస్కో

చాలా థాంక్స్ అన్నా. ఇంత ఉందని తెలియదు. మా ఫ్రెండ్స్ షూటింగ్ రేంజికి వెళ్లి అద్దెకి తీసుకుని కాలుస్తుంటారు, అదీ తప్పేనా? వేట లైసెన్సు తీసుకుంటే సరిపోతుందని కూడా ఒకతను అన్నాడు. అయితే షోలో నాకు కొనడానికి ఏమీ లేనట్టేనా?

జవాబు: ప్లేనో

రేంజిలో అద్దెకి తీసుకున్నా తుపాకీ నీ చేతిలో ఉన్నట్టే, తూటాలూ నీ చేతిలో ఉన్నట్టే. వేట లైసెన్సు లేకుండా వెళ్లకండి. మనవాళ్లు ఫొటోలు తీసి ఇన్‌స్టాలో పెట్టేస్తారు. వాళ్లమీద వాళ్లే సాక్ష్యం తయారుచేసుకున్నట్టు.

లైసెన్సు మాట నిజమే, కానీ దాని పద్ధతి దానికుంది. టెక్సస్‌లో 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు వేటకి వెళ్లాలంటే హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చెయ్యాలి. మామూలు వార్షిక లైసెన్సు ఎప్పుడు కొన్నా ఆగస్టు 31తో అయిపోతుంది. సెప్టెంబరు 1న కొత్తది తీసుకోకపోతే, నిన్నటిదాకా సక్రమంగా ఇంట్లో ఉన్న తుపాకీ ఇవాళ నేరం. ఉద్యోగం పోయి, గడువు దాటి, స్టేటస్ పోయిందనుకో, లైసెన్సు జేబులో ఉన్నా అది కాపాడదు. లేఆఫ్‌లు నడుస్తున్న ఈ రోజుల్లో ఆ భయం కూడా నెత్తిన పెట్టుకోవడం ఎందుకో నువ్వే ఆలోచించు. నిజంగా వేట మీద ఇష్టం ఉంటే ముందు ఇమిగ్రేషన్ లాయరుతో మాట్లాడు.

ఇక కొనడానికి ఏమీ లేదా అంటే, సగం హాలు నీదే. ఆ సంగతి వర్జీనియా అక్క నాకంటే బాగా చెప్తారు, ఆవిడ కోసం ఆగు.

జవాబు: హెర్న్‌డన్, వర్జీనియా

పిలిచారు కాబట్టి చెప్తున్నా. మాకు దగ్గర్లో షాంటిలీలో డలెస్ (మీ డాలస్ కాదు) ఎక్స్‌పో సెంటర్ ఉంది. అక్కడ షో పెట్టినప్పుడల్లా మా ఆయనా నేనూ వెళ్తాం. మేం వెళ్లేది తుపాకుల కోసం కాదు, సర్‌ప్లస్ కోసం.

బాబూ, నువ్వు వెతకాల్సింది మిలిటరీ వాడి పక్కన పెట్టిన సరుకు. చలికోట్లు, ఊలు దుప్పట్లు, బూట్లు, రెయిన్ జాకెట్లు, బ్యాగులు. రేపు ప్రాజెక్టు మారి చికాగోకో మినియాపొలిస్‌కో వెళ్లాల్సి వస్తే, ఆర్మీ చలికోటు ఒకటి ఉంటే మాల్‌లో వందల డాలర్లు పొయ్యక్కర్లేదు. అయితే మిలిటరీ రంగు వేసిన ప్రతిదీ మిలిటరీది కాదు. కోటు లోపలి లేబుల్ తిప్పి చూడు. అసలుదైతే పదమూడంకెల స్టాక్ నంబరు ఉంటుంది, బట్టలకైతే చాలామటుకు 8415తో మొదలవుతుంది. కాంట్రాక్టు నంబరు కూడా ఉంటుంది. ఉత్త బ్రాండు పేరూ సైజూ మాత్రమే ఉంటే అది నకలు. నకలు పనికిరాదని కాదు, అసలు ధర ఇవ్వొద్దు అంతే.

రెయిన్ జాకెట్ అయితే లోపలి వైపు తిప్పి భుజాల దగ్గర కుట్ల మీద వేలు పెట్టి రాయి. కుట్ల మీద సన్నటి టేపు అంటించి ఉంటుంది. పాతబడ్డవాటిలో అది పెచ్చులుగా లేస్తుంది. అది లేచిందంటే వానకి ఆగదు, 10 డాలర్లకి ఇచ్చినా వద్దు. పైనుంచి చూస్తే కొత్తదానిలాగే ఉంటుంది, అందుకే ఎవరూ లోపల చూడరు.

తూటాలు పెట్టే ఇనప డబ్బాలు మాకు బాగా ఇష్టం. ఖాళీ డబ్బా కొనడానికి వీసా అడ్డు లేదు. పెద్ద సైజుది 20 డాలర్లకి అటూ ఇటూగా చెప్తారు. మూత ఎత్తి లోపలి రబ్బరు పట్టీని బొటనవేలితో చుట్టూ నొక్కుకుంటూ రావాలి. ఎక్కడా పగులు ఉండకూడదు, గట్టిపడి ఉండకూడదు. అంచు సొట్ట పోయి ఉండకూడదు. మూత వేసి కొక్కెం పెడితే కాస్త బలంగా నొక్కాలి. తేలిగ్గా పడిపోయిందంటే గాలి లోపలికి పోతుందని అర్థం. కారులో పనిముట్లకి, క్యాంపింగ్‌కి పప్పులు ఉప్పులు తీసుకెళ్లడానికి భేషుగ్గా ఉంటుంది. పాస్‌పోర్టులు పెట్టుకునేవాళ్లు ఒక్కటి గుర్తుంచుకోండి: తేమకి ఆగుతుంది, నిప్పుకి ఆగదు.

ఒక్క వస్తువు మాత్రం జోలికి పోవద్దు. తూటాతో చేసిన కీచైన్లు, వాడేసిన ఇత్తడి తొడుగులు పది పైసల వస్తువుల్లా గుట్టలుగా పోసి అమ్ముతారు. ఫెడరల్ చట్టంలో తూటా అంటే నిండుదే కాదు, ఖాళీ తొడుగూ దాని కిందికే వస్తుంది. పైగా అది బ్యాగు అడుగున పడిపోయి మర్చిపోతాం. ఇండియా వెళ్లేటప్పుడు శంషాబాద్‌లో స్కానింగ్‌లో కనపడితే ఆయుధాల చట్టం కింద కేసు. అమ్మానాన్నల్ని చూడబోయి పోలీస్ స్టేషన్లో కూర్చోవాల్సి వస్తుంది. తుపాకీ మీద బిగించే స్కోపులు, రాత్రి చూసే బైనాక్యులర్లు కూడా దేశం దాటించాలంటే ఎగుమతి లైసెన్సు వ్యవహారం. మామూలు బైనాక్యులర్లు కొనుక్కో, పక్షుల్ని చూసుకో.

జవాబు: శాన్ ఆంటోనియో

నాకు గ్రీన్‌కార్డు వచ్చింది. నాలాంటివాళ్లకి బేరం సంగతి కూడా కాస్త చెప్తారా అన్నా? వెళ్లిన ప్రతిసారీ షాపు ధరకే అమ్ముతున్నట్టు అనిపిస్తోంది.

జవాబు: ప్లేనో

అనిపించడం కాదు, నిజమే. కొత్త తుపాకులకి షోలో పెద్ద తగ్గింపు ఉండదు. తూటాలైతే ఆన్‌లైన్ కంటే ఎక్కువే చెప్తారు చాలాచోట్ల. పెట్టె ధర చూడకుండా ఒక్కో తూటాకి ఎంత పడుతోందో లెక్క వేసుకోండి. పెట్టెలో 50 ఉన్నాయా 20 ఉన్నాయా అన్నది చూడకుండా కొనేవాళ్లే ఎక్కువ. ప్లాస్టిక్ సంచుల్లో పోసిన, వాడేసిన తొడుగుల్లో మళ్లీ మందు నింపిన రీలోడ్‌లు ఎంత చవకైనా వద్దు. ఎవరు నింపారో, మందు ఎంత పోశారో తెలియని తూటా మీ మొహానికి ఆరంగుళాల దూరంలో పేలుతుంది.

ధర ఇంటి దగ్గరే తెలుసుకుని వెళ్లాలి. గన్‌బ్రోకర్ అనే ఆన్‌లైన్ వేలం సైటులో అడుగుతున్న ధర కాదు, అమ్ముడుపోయిన ధరలు చూడండి. మీకు కావలసిన మోడల్ ఒక్కటీ రెండూ కాగితం మీద రాసుకోండి. హాల్లో అడుగుపెట్టాక ఆ వందల టేబుళ్ల మధ్య బుర్ర పనిచెయ్యదు.

అసలు లాభం పాతవాటిలో ఉంది. పోలీసు శాఖలు మార్చేసిన పిస్టళ్లు చూడండి. ఎఫ్‌బీఐ మళ్లీ 9 ఎంఎం తూటా పిస్టళ్లకి వెళ్లాక చాలా శాఖలు అదే దారి పట్టాయి, వాళ్ల పాత 40 క్యాలిబర్ (కాస్త పెద్ద తూటా) గ్లాక్ పిస్టళ్లు మార్కెట్లోకి వచ్చిపడ్డాయి. పైన ఒర (హోల్‌స్టర్) రాపిడికి రంగు పోయి ఉంటుంది, లోపల చాలావాటికి అరుగుదల తక్కువ. ఏళ్ల తరబడి మోశారు గానీ కాల్చింది తక్కువ.

డీలరుని అడిగి, ఖాళీగా ఉందని ఇద్దరూ చూసుకున్నాకే చేతిలోకి తీసుకోండి. స్క్రూల గాడులు చూడండి. అవి చెదిరిపోయి ఉంటే ఎవడో ఇంట్లో విప్పి ప్రయోగాలు చేశాడన్నమాట. చిన్న టార్చి పట్టుకెళ్లి గొట్టం లోపల చూడండి.

బేరం మాత్రం కోఠీలో ఆడినట్టు ఆడకండి. సగానికి అడిగితే ఇక్కడ అవమానం అనుకుంటారు, ఆ తర్వాత మాట్లాడరు. క్యాష్ చూపించి, ట్యాక్స్‌తో కలిపి చివరికి ఎంతకి ఇస్తారు అని అడగండి. నూటికి పది తగ్గితే మంచి బేరమే. శనివారం పొద్దున సరుకు బాగుంటుంది, ఆదివారం మధ్యాహ్నం ధర బాగుంటుంది. ఇనప సేఫ్‌లు అమ్మేవాళ్లయితే ఆదివారం సాయంత్రం ఆ బరువు మళ్లీ ట్రక్కు ఎక్కించలేక దిగొస్తారు.

గ్రీన్‌కార్డు వెంట తీసుకెళ్లండి, 4473లో ఆ నంబరు రాయాలి. డ్రైవింగ్ లైసెన్సు మీద ఇప్పటి అడ్రసు ఉండాలి. చెక్‌లో ఆలస్యం అని వస్తే కంగారు పడకండి, మన పేర్లకి అలా రావడం మామూలే.

జవాబు: టల్సా, ఓక్లహోమా

మా ఊళ్లో వానెన్‌మాకర్ షో ఏడాదికి రెండుసార్లు జరుగుతుంది, 11 ఎకరాల కప్పు కింద. డాలస్ నుంచి కారులో నాలుగు గంటలు. ఇండియా వస్తువుల మీద ఇష్టం ఉన్నవాళ్లు పాత మిలిటరీ టేబుళ్లు తప్పక చూడండి. బెంగాల్‌లోని ఇషాపూర్ ఫ్యాక్టరీలో తయారైన రైఫిళ్లు అక్కడ కనిపిస్తాయి. 1962 చైనా యుద్ధం తర్వాత 7.62 తూటాకి మార్చి చేసిన 2ఏ1 రైఫిల్ కూడా ఉంటుంది. ఎన్‌సీసీలో పాత త్రీనాట్‌త్రీ పట్టుకున్నవాళ్లకి దాన్ని చూస్తే ఒళ్లు పులకరిస్తుంది. కొనే అర్హత ఉన్నవాళ్లు ఒకటి చూసుకోండి: డీపీ అని ముద్ర ఉంటే అది కవాతుకి మాత్రమే, కాల్చడానికి కాదు. కొందరు అమ్మేవాళ్లు ఆ మాట చెప్పరు.

జవాబు: హెర్న్‌డన్, వర్జీనియా

కొన్నవాళ్లకి ఒక్క మాట. సేఫ్ కూడా ఆ రోజే కొనండి, డబ్బు చాలకపోతే తుపాకీ వాయిదా వెయ్యండి. మన ఇళ్లలో ఆర్నెల్లకోసారి అమ్మావాళ్లో అత్తయ్యావాళ్లో బీ-2 మీద వస్తారు. పిల్లలుంటారు. ప్రతి అలమరా తెరిచి సర్దే పెద్దవాళ్లుంటారు. తాళం నంబరు మీ ఒక్కరికే తెలియాలి. శుభ్రం చెయ్యడం కూడా ఎవరైనా దగ్గరుండి నేర్పించాకే. 2024లో కొత్త తుపాకీ శుభ్రం చేస్తుండగా పేలి మన విద్యార్థి ఒకడు చనిపోయిన వార్త అందరం చదివాం. ఆ తల్లిదండ్రుల్ని తలుచుకుంటే ఇప్పటికీ నిద్ర పట్టదు.

ఫ్రిస్కో బాబూ, ఒంటరిగా ఉంటున్నానన్నావు. తలుపుకి ఇంకో మంచి గడియ, ఒక కెమెరా పెట్టించుకో. పెట్టే ముందు అపార్ట్‌మెంట్ ఆఫీసులో అడుగు. శుక్రవారం రాత్రుళ్లు ఎవరింటికైనా భోజనానికి వెళ్లు. మీ వైపు మనవాళ్లకి కొదవా?

ఫ్రిస్కో

అక్కా, అన్నలూ, ఎంత చెప్పినా తక్కువే. మా ఆఫీసాయనకి వీసా సంగతి చెప్పాను, పాపం ఆయనే కంగారుపడి సారీ చెప్పాడు. ఆదివారం మధ్యాహ్నం ఇద్దరం వెళ్తున్నాం. నా చీటీలో ఒక ఇనప డబ్బా, ఒక రెయిన్ జాకెట్ రాసుకున్నాను. జాకెట్ లోపల కుట్ల ఫొటో తీసి ఇక్కడే పెడతాను, కొనేముందు ఎవరైనా చూసి చెప్పండి.

ప్లేనో

పెట్టు, ఫోన్ దగ్గరే ఉంచుకుంటా. సోమవారం నుంచి శుక్రవారం లోపు ఎప్పుడైనా మా ఇంటికి భోజనానికి కూడా రా, అడ్రసు విడిగా పంపిస్తాను.