అప్‌డేట్: 9 వోల్ట్ హెడ్‌ఫోన్ ఆంప్ బుస పోయింది, బ్యాటరీ మాత్రం తినేస్తోంది

పోయిన నెల అడిగాను కదా, బిళ్లల డబ్బాలో కట్టిన నా సీమాయ్ ఆంప్‌లో (ఇంట్లో కట్టుకునే చిన్న హెడ్‌ఫోన్ ఆంప్) పాట లేకపోయినా బుస్సుమంటోంది, సౌండ్ పెంచితే బేస్ చిరుగుతోంది అని. "ముందు గెయిన్ తగ్గించు" అన్న అన్నకి దండం. 10కె, 1కె (కె అంటే కిలో ఓమ్) రెసిస్టర్లతో గెయిన్ 11 వచ్చేది, అంటే సిగ్నల్ 11 రెట్లు పెరిగేది. ఇయర్‌ఫోన్లకి అంతెందుకు? 10కె తీసి 2కె వేశా, గెయిన్ 3. బుస దాదాపు మాయం.

బేస్ సంగతి వేరే. మీటర్ పెడితే 9 వోల్టులు సగంగా చీలట్లేదు: ఒకవైపు 5.2, ఇంకోవైపు 3.6. బ్యాటరీని సగం చేసే ఆ మధ్య పాయింట్ రెండు 4.7కె రెసిస్టర్ల మీద నిలబెట్టిన ఉత్తుత్తి గ్రౌండ్, 32 ఓమ్‌ల హెడ్‌ఫోన్ కొంచెం కరెంట్ లాగితే చాలు జరిగిపోతోంది. వోల్టేజీని సరిగ్గా సగం చేసే టీఎల్‌ఈ2426 చిప్ కోసం శనివారం బెంగళూరు ఎస్పీ రోడ్డంతా (ఎలక్ట్రానిక్స్ బజారు) తిరిగా, ఎండకి మాడిపోయా, దొరకలేదు. చివరికి ఆంప్‌లో ఉన్నలాంటిదే ఇంకో ఎన్ఈ5532 ఆప్-ఆంప్ చిప్ కొని, ఆ గ్రౌండ్ జరగకుండా పట్టుకునే బఫర్‌గా పెట్టా. పెద్ద కెపాసిటర్లు దాని అవుట్‌పుట్ నుంచి తీసి నేరుగా బ్యాటరీకి అడ్డంగా మార్చా. ఇప్పుడు రెండు వైపులా 4.4. మెట్రోలో వైట్‌ఫీల్డ్ దాకా ఫుల్ సౌండ్‌లో విన్నా, ఎక్కడా చిరగలేదు.

ఒక్కటే బాధ. ఒక్కో 5532 ఊరికే కూర్చుని 8 మిల్లీఆంప్‌లు తాగుతుంది, ఇప్పుడవి రెండు. రెండు లిథియం సెల్స్ సిరీస్‌లో పెడదామనుకుంటున్నా. 7.4 వోల్టులు సరిపోతాయంటారా? డబ్బాలో చోటు మాత్రం లేదు, మా ఆవిడ పోపులపెట్టె మీద కన్నేశాను.