క్లాసు టెస్టు గూగుల్ ఫామ్స్‌లో పెట్టాలా, పేపరు మీదే ఉంచాలా?

కొత్త_టీచరమ్మ:
ఈ టర్మ్ నుంచి టెస్టులన్నీ ఆన్‌లైన్‌లో పెట్టమంటున్నారు. ఎనిమిదో తరగతి, మూడు సెక్షన్లు, సైన్స్. కంప్యూటర్ గది ఉంది కానీ సగం క్లాసుకే సరిపోతుంది, రెండు బ్యాచ్‌లుగా రాయించాలి. నెట్‌లో ప్రశ్నపత్రం పెట్టే గూగుల్ ఫామ్స్ వాడుతున్నవాళ్లు ఉన్నారా? పేపరు పూర్తిగా మానేయవచ్చా?

బీజగణితం:
నిశ్చింతగా మానేయండి మేడమ్. నేను ఐదు సెక్షన్లకు లెక్కలు చెబుతాను. సాయంత్రాలన్నీ పేపర్లు దిద్దడానికే పోయేవి. ఇప్పుడు బిట్లన్నీ ఫామ్స్‌లోనే. సెట్టింగ్స్‌లో క్విజ్‌గా మార్చి, ప్రతి ప్రశ్నకూ కీ ఇస్తే మార్కులు అదే వేస్తుంది. జవాబులను గూగుల్ షీట్‌కి (ఆన్‌లైన్ పట్టిక) లింక్ చేసుకుంటే మార్కుల పట్టిక కూడా తయారు.

రెండు బ్యాచ్‌లు అన్నారు కాబట్టి ఒక జాగ్రత్త. మార్కులు సబ్మిట్ చేసిన వెంటనే విడుదలయ్యేలా ఉంటే మార్చేయండి. లేకపోతే మొదటి బ్యాచ్ వాళ్లు సరైన జవాబులు చూసేస్తారు, రెండో బ్యాచ్ గదిలోకి వచ్చేలోపే కీ వాళ్ల చేతిలో ఉంటుంది. మీరు సరిచూశాక విడుదలయ్యేలా పెట్టుకోండి. ప్రశ్నల వరుస ఒక్కొక్కరికి ఒక్కోలా తారుమారు చేసే ఆప్షన్ కూడా ఉంది, పక్క స్క్రీన్ చూసినా లాభం ఉండదు. ఇంక గొడవే లేదు.

ఎర్ర_ఇంకు:
గొడవ లేదా? తెలుగు సబ్జెక్టులో పెట్టి చూడండి మాస్టారూ. ఖాళీలు పూరించండి అని ఇచ్చాను. 'భారతదేశం' అని కలిపి కొట్టినవాళ్లకు మార్కు, 'భారత దేశం' అని మధ్యలో జాగా వదిలినవాళ్లకు సున్నా. చివర చుక్క పెట్టిన పిల్లకూ సున్నాయే. వాక్యం చివర చుక్క పెట్టమని నేర్పిందీ నేనే, దానికి మార్కు కోయించిందీ నేనే!

పైగా మా పాత ప్రశ్నపత్రాలన్నీ అను అనే పాత తెలుగు ఫాంట్లలో టైపు చేసినవి. తెచ్చి ఫామ్‌లో పేస్ట్ చేస్తే ఏవో పిచ్చి అక్షరాలు. ఏ సిస్టంలోనైనా చదవగలిగే యూనికోడ్‌లోకి మార్చాలి, మార్చాక ఒత్తులు ఎక్కడ చెదిరాయో ఒక్కొక్కటీ వెతకాలి. మీకు సాయంత్రం మిగిలిందేమో, నాకు రాత్రి కూడా పోయింది.

చివరి_బెంచీ:
చుక్క పెట్టినందుకు చుక్కలు చూపించిందన్నమాట.

బీజగణితం:
వాడే పద్ధతి తెలియక వచ్చిన ఇబ్బంది అది. కీలో ఒకటికి మించి సరైన జవాబులు చేర్చొచ్చు. 'భారత దేశం' కూడా చేర్చండి. అప్పటికీ ఏదైనా తప్పించుకుంటే, జవాబులను ప్రశ్నల వారీగా తెరవండి. ఒకేలా రాసిన జవాబులన్నీ ఒకచోట కనిపిస్తాయి, ఒక్క టిక్ కొడితే అందరికీ మార్కు పడుతుంది.

ఎర్ర_ఇంకు:
పిల్లలు ఎన్ని రకాలుగా రాస్తారో ముందే ఊహించి కీ రాయాలి. తర్వాత గుంపు గుంపుకీ టిక్కులు కొట్టాలి. దీన్నే కదా ఇన్నాళ్లూ దిద్దడం అన్నాం?

సైన్స్_ల్యాబ్:
కంప్యూటర్లు చాలకపోతే ప్లికర్స్ అనే యాప్ చూడండి మేడమ్. 40 కార్డుల సెట్టు ప్రింట్ తీసుకుంటే చాలు. ప్రతి పిల్లకూ ఒక కార్డు, ఏ వైపు పైకి ఉంటే అది జవాబు. టీచర్ తన ఫోన్ కెమెరాతో క్లాసు మొత్తాన్నీ ఒకసారి చూపిస్తే ఎవరేం చెప్పారో వచ్చేస్తుంది. పిల్లల చేతిలో ఏ పరికరమూ అక్కర్లేదు. బిట్లకు మాత్రమే సుమా.

బీజగణితం:
@ఎర్ర_ఇంకు ఒక్క ఖాళీ జాగా పట్టుకుని ఎంతసేపు వేలాడతారు? ఖాళీలు మానేసి నాలుగు ఆప్షన్ల బిట్లు ఇవ్వండి.

ఎర్ర_ఇంకు:
అంటే పిల్లాడు రాయడం మానేయాలి, ఎందుకంటే మీ యంత్రానికి చదవడం రాదు!

బీజగణితం:
మీకు టెక్నాలజీ అంటే భయం. ఆ మాట చెప్పకుండా చుక్క చాటున దాక్కుంటున్నారు.

ఎర్ర_ఇంకు:
భయమా? సరే, అసలు సంగతి చెబుతాను. నేను పనిచేసిన ఒక స్కూల్లో షీట్ లింక్ ఇవ్వమన్నారు, ఇచ్చాను. ఆ తర్వాత స్టాఫ్ మీటింగ్‌లో ఏ టీచర్ క్లాసు సగటు ఎంతో చార్టు తీసి తెర మీద వేశారు. నాది అట్టడుగున. పిల్లలు ఏ ప్రశ్న దగ్గర ఆగిపోయారని ఒక్కరూ అడగలేదు. నెలకోసారి ఉండే టెస్టు వారానికోసారి అయింది, 'ఎలాగూ అదే దిద్దుతుంది కదా' అని. చేత్తో రాసే రిజిస్టర్ మాత్రం అలాగే ఉంది! మిగిలిన టైమ్ ఎవరికి మిగిలిందో మీరే చెప్పండి.

చివరి_బెంచీ:
మా దగ్గర రిజిస్టర్, షీట్, యాప్. మూడింట్లోనూ అవే మార్కులు.

బీజగణితం:
అది మీ యాజమాన్యంతో మీ తగాదా. ఫామ్స్ ఏం చేసింది?

నేను బిట్లు దానికి వదిలేసి, పెద్ద లెక్క ఒకటి నోట్‌బుక్‌లో చేయించి అదే శ్రద్ధగా చూస్తాను. మైనస్ గుర్తు ఎక్కడ జారిందో అప్పుడు తెలుస్తుంది. వెనకటికి అన్నీ నేనే దిద్ది ఇస్తే, పిల్లలు మార్కు చూసుకుని పేపరు మడిచి లోపల పెట్టేసేవాళ్లు.

ఎర్ర_ఇంకు:
మార్కు చూసి మడిచేస్తారు, నేనూ అదే అంటున్నాను. విద్యా పరిశోధకురాలు రూత్ బట్లర్ అధ్యయనం 1988లో అచ్చయింది. కొందరు పిల్లలకు మార్కు, కొందరికి వ్యాఖ్య మాత్రమే, కొందరికి రెండూ ఇచ్చి చూశారు. మెరుగుపడింది వ్యాఖ్య మాత్రమే అందుకున్నవాళ్లు. పక్కన మార్కు కూడా వేస్తే ఆ లాభం నిలవలేదు. మీ ఫామ్ అన్నిటికంటే ముందు ఇచ్చేది మార్కే.

బీజగణితం:
మార్కు కనిపించకుండా చేయొచ్చు, సెట్టింగ్ ఉంది. తప్పు జవాబు పెట్టినవాళ్లకు ఏం చెప్పాలో కూడా ముందే రాసి ఉంచొచ్చు. మీరు చూడలేదంతే.

ఎర్ర_ఇంకు:
ముందే రాసిన మాట అందరికీ ఒకటే. ఒకడు సూత్రం మర్చిపోయి తప్పు చేస్తాడు, ఇంకొకడు ప్రశ్నే సరిగా చదవడు. పిల్లలకు కనబడకుండా దాచినా పైవాళ్లకు షీట్‌లో అంతా కనిపిస్తూనే ఉంటుంది.

బీజగణితం:
కనిపిస్తే మీకేం నష్టం? నా కూతురి సైన్స్ పేపరు ఇంటికి వచ్చింది, నిండా రైట్ టిక్కులే. రెండు జవాబులు పూర్తిగా తప్పు, వాటికీ టిక్కే. మొత్తం కూడా సరిగ్గా కూడలేదు. వెళ్లి అడిగితే 'వంద పేపర్లండీ, ఏం చేయమంటారు' అన్నారు. పేపరు మీద ఉన్నంతకాలం టీచర్ దిద్దాడో లేదో ఎవరికీ తెలియదు. అందుకే నాకు షీట్ కావాలి.

ఎర్ర_ఇంకు:
ఇప్పుడు వచ్చింది అసలు మాట. మీకు కావలసింది మా మీద నిఘా. సాయంత్రాలు మిగలడం గురించి అన్నదంతా పైపై మాటే.

బీజగణితం:
కొంచెం నిఘా ఉంటే తప్పేంటి? నేనూ టీచర్నే, నన్నూ చూడమనే అంటున్నాను.

ఎర్ర_ఇంకు:
చూడమనండి, క్లాసులోకి వచ్చి చూడమనండి. సగటు చూసి కాదు. చార్టు తెర మీద పడ్డాక నేనేం చేశానో తెలుసా? తర్వాతి టెస్టు తేలిగ్గా ఇచ్చాను. సగటు పెరిగింది, అందరూ మెచ్చుకున్నారు.

నిర్వాహకులు:
ఇద్దరూ వ్యక్తిగత విషయాల్లోకి వెళ్లకండి, దయచేసి.

కొత్త_టీచరమ్మ:
మమ్మల్నీ షీట్ లింక్ అడిగారు. ఏ ప్రశ్న ఎంతమంది తప్పారో అది మాత్రమే పంపే వీలుందా? పేర్లు, మార్కులు లేకుండా?

సైన్స్_ల్యాబ్:
ఉంది మేడమ్. ఫామ్‌లో జవాబుల సారాంశం పేజీలో ప్రశ్నల వారీ చార్టులు ఉంటాయి, ఎక్కువమంది తప్పిన ప్రశ్నలు విడిగా చూపిస్తుంది. కావలసినంత మేర స్క్రీన్‌షాట్ తీసి పంపండి. షీటే కావాలంటే కొత్త షీట్ తెరిచి ఆ అంకెలు మాత్రమే అందులో పెట్టండి. అసలు షీట్‌లో ట్యాబ్ దాచి లింక్ ఇవ్వకండి, ఎడిట్ హక్కు ఉన్నవాళ్లు దాచిన ట్యాబ్‌ను తెరిచేయగలరు.

ఎర్ర_ఇంకు:
ఇది పనికొచ్చే మాట.

బీజగణితం:
పేర్లు లేకపోతే తల్లిదండ్రులకు ఏం చూపిస్తారు?

ఎర్ర_ఇంకు:
పేపరు. దిద్దినదే.

మధ్యాహ్నం_పీరియడ్:
ఇప్పుడే చూశాను, పైనవన్నీ చదవలేదు. ఈ ఫామ్స్ నెట్ లేకుండా పనిచేస్తుందా?

సైన్స్_ల్యాబ్:
చేయదండీ. ఫామ్ తెరవడానికీ సబ్మిట్ చేయడానికీ ప్రతి సిస్టంలోనూ నెట్ ఉండాలి. ప్లికర్స్‌కి టీచర్ ఫోన్‌లో ఉంటే చాలు. పైన ఒకసారి చెప్పాను, ఎవరూ పట్టించుకోలేదు.