జీన్స్ చిరుగుకి మాసిక: ఇంట్లో మిషన్ మీద వేసుకోవాలా, టైలర్‌కి ఇవ్వాలా?

అమీర్‌పేట_అనూష
అందరికీ నమస్కారం. మా ఆయన జీన్స్ మూడు, మూడూ ఒకే చోట పోయాయి. తొడల మధ్య, బండి సీటుకి ఒరుసుకునే చోట. మిగతా ప్యాంటంతా కొత్తదిలాగే ఉంది. వీధి చివర టైలర్ "చిన్న పనులు తీసుకోం మేడమ్" అన్నాడు. ఇంకొకాయన ఒక్కోదానికి 150 అడిగాడు, అదీ వారం తర్వాత రమ్మని. మా అత్తయ్యగారి నల్ల ఉషా మిషన్, కాలితో తొక్కేది, పదేళ్లుగా టీవీ స్టాండ్‌గా పనిచేస్తోంది. దాన్ని దులిపి నేనే నేర్చుకోనా? గుండీ కుట్టడం తప్ప నాకేమీ రాదు.

కాకినాడ_మాస్టారు
భేషుగ్గా కుట్టుకోవచ్చమ్మా. ఇందులో అడగాల్సిందేముంది? ఆ నల్ల మిషన్లు అంత తేలిగ్గా పాడయ్యేవి కావు. పైనున్న కన్నాల్లో రెండేసి చుక్కలు మిషన్ ఆయిల్ వేసి, దారం లేకుండా పది నిమిషాలు తొక్కండి. కొబ్బరినూనె మాత్రం పొయ్యకండి, జిగురెక్కి బిగుసుకుపోతుంది. రబ్బరు బెల్టు వదులైపోయి ఉంటుంది, కొత్తది వేయించండి.

చిరుగు లోపలివైపు పాత జీన్స్ ముక్క పెట్టాలి, అన్ని వైపులా అంగుళం ఎక్కువుండాలి. చేత్తో కచ్చాకుట్టు వేసుకుని, ఆ తర్వాత మిషన్ మీద ముందుకీ వెనక్కీ దగ్గరదగ్గరగా గీతలు కొట్టినట్టు కుట్టేయడమే. 16 నంబరు సూది. మా ఇంట్లో 32 ఏళ్లుగా ఒక్క చిరుగు గుమ్మం దాటలేదు. నా చొక్కాల కాలర్ అరిగితే విప్పి, తిప్పి కుట్టడమే. అడుగువైపు కొత్తగానే ఉంటుంది కదా, ఇంకో మూడేళ్లు నడుస్తుంది.

దారం_తెగింది
అనూషగారూ, ఆ మిషన్ మీద టీవీని కదపకండి.

మాస్టారు చెప్పినంత తేలిక కాదు. నేర్చుకునేవాళ్లు జీన్స్‌తో మొదలుపెట్టకూడదు. తొడల మధ్య నాలుగు వైపుల నుంచీ కుట్లు వచ్చి కలుస్తాయి, అక్కడ మడతల మీద మడతలు. 16 సూది అక్కడ పుటుక్కున విరుగుతుంది, ముక్క ఎగిరి ఎటు పడుతుందో తెలీదు. 18 కావాలి. అసలు 150 ఇచ్చి పని అవగొట్టుకోండి.

బుల్లెట్_రాజు_భీమవరం
మోకాలి దగ్గర చిరిగింది షాపులో 3000. తొడ దగ్గర చిరిగితే మాత్రం పరువు తక్కువ. ఇదేం లోకం బాబూ.

కాకినాడ_మాస్టారు
16 చాలు. సూది నంబర్ల పక్కన ఇంకో నంబరుంటుంది, చూడండి. 16 పక్కన 100, 18 పక్కన 110. అంటే ఒకటి సరిగ్గా మిల్లీమీటరు లావు, రెండోది 1.1. అంత లావు సూదితో అరిగిన బట్ట మీద దగ్గరదగ్గరగా పొడిస్తే, ఉన్న నాలుగు పోగులూ తెగిపోతాయి. మడతలున్న చోట కాలు తీసేసి, చక్రం చేత్తో తిప్పుకోవాలి. అంతకుముందే మడత మీద పచ్చడిబండతో రెండు దెబ్బలు వేస్తే అణుగుతుంది.

దారం_తెగింది
అరిగిన చోట సూది సన్నగా ఉండాలన్నది నిజమే. కానీ మడత దగ్గర? మీరే అంటున్నారు చక్రం చేత్తో తిప్పాలని. ఎందుకు? సూది చాలదు కాబట్టే కదా!

కాకినాడ_మాస్టారు
సూది చాలక కాదండీ, జాగ్రత్త కోసం.

ప్లానో_పద్మ
మాకు ఇక్కడ ఒక ప్యాంటు అడుగు మడిచి కుట్టినా 20 డాలర్లు. అందుకే సింగర్ హెవీ డ్యూటీ కొన్నాను. జీన్స్ సూది అని విడిగా ప్యాకెట్ దొరుకుతుంది, 16దే వాడతాను. ఒక్క మాట అనూషా, టీషర్టులు, లెగ్గింగ్స్ మాత్రం ఆ నల్ల మిషన్ మీద కుట్టకు. అది నేరు కుట్టు ఒక్కటే వేస్తుంది. బట్ట సాగుతుంది, దారం సాగదు, తొడుక్కోగానే టప్ టప్ మని తెగిపోతుంది. వాటికి జిగ్‌జాగ్ ఉండాలి, మొన గుండ్రంగా ఉండే సూది కూడా వేరే.

కాకినాడ_మాస్టారు
చూశారా, అమెరికాలో కూడా 16 నంబరే.

కాజా_గుండీ
నేను నల్గొండలో టైలర్‌ని, మా నాన్న కూడా టైలరే. "చిన్న పనులు తీసుకోం" అన్నందుకు అందరికీ కోపం వస్తుంది కదా, ఎందుకంటామో వినండి.

నా మిషన్‌కి పొద్దున బ్లౌజు దారం ఎక్కించి ఉంటుంది. మీ జీన్స్ కోసం సూది మార్చాలి, దారం మార్చాలి, టెన్షన్ అంటే దారం బిగువు మార్చాలి, అడుగు దారం చుట్టి ఉండే బాబిన్ మార్చాలి. అయిపోయాక మళ్లీ అన్నీ వెనక్కి. నీలం దారంలో మీ ప్యాంటు రంగుకి కలిసేది వెతకాలి. మోకాలి దగ్గర చిరుగైతే కాలు గొట్టంలా ఉంటుంది కాబట్టి పక్క కుట్టు విప్పి, మాసిక వేసి, మళ్లీ మూయాలి. తొడల దగ్గరైతే విప్పనక్కర్లేదు, అయినా అరగంట. ఆ అరగంటకి లైనింగ్ బ్లౌజులో సగం పని అవుతుంది. బ్లౌజుకి 400 కిమ్మనకుండా ఇస్తారు. మాసికకి 150 అంటే "దానికేముందయ్యా, రెండు కుట్లేగా" అంటారు.

దసరాకి ముందు బాగుచేసిపెట్టిన బట్టలు 11 ఇప్పటికీ నా షెల్ఫులో ఉన్నాయి. ఎవరూ రాలేదు. కొత్త బ్లౌజు మాత్రం ఎవరూ మర్చిపోరు.

బుల్లెట్_రాజు_భీమవరం
600 పెడితే కొత్త ప్యాంటు వస్తుంది. మూడు జతలకి 450 పెట్టి మాసికలు ఎవడు వేయించుకుంటాడు?

కాజా_గుండీ
600 ప్యాంటు ఆరు నెలలకి మళ్లీ అక్కడే పోతుంది. అప్పుడూ నా దగ్గరికే వస్తారు, 50కి చెయ్యమని.

కాకినాడ_మాస్టారు
టైలర్‌గారి బాధ నాకు అర్థమైంది. అందుకే ఇంట్లో కుట్టుకోమంటున్నాను. ఆయనకీ తలనొప్పి ఉండదు, మనకీ డబ్బు మిగులుతుంది.

ఇంకో సాంకేతిక విషయం. జీన్స్‌లో పడుగు, అంటే నిలువు పోగులు, నీలం; పేక, అంటే అడ్డపోగులు, తెలుపు. అరిగినప్పుడు ముందు పడుగు పోతుంది, అందుకే చిరుగులో తెల్లపోగులు అడ్డంగా వేలాడుతుంటాయి. కాబట్టి గీతలు పడుగు దిక్కునే, అంటే ప్యాంటు నిలువునే కుట్టాలి. పోయిన పోగుల్ని తిరిగి వేసినట్టు ఉంటుంది. మిషన్‌కి వెనక్కి కుట్టే లివర్ లేకపోతే బట్టనే అటూ ఇటూ తిప్పుకోవాలి. ఇదంతా నేర్చుకోవడానికి రెండు ఆదివారాలు చాలు.

దారం_తెగింది
రెండు ఆదివారాలు. ఎవరివండీ ఆ ఆదివారాలు?

కాకినాడ_మాస్టారు
అర్థం కాలేదు.

దారం_తెగింది
ఏమీ లేదు. పట్టుచీర చిరిగితే కూడా ఇంట్లో మిషన్ మీదే వేసేస్తారా?

కాకినాడ_మాస్టారు
మాట మారుస్తున్నారు. పట్టుకి మిషన్ పనికిరాదు, రఫూ చేసేవాళ్లకే ఇవ్వాలి. నేనేమైనా వాళ్ల పొట్ట కొట్టమన్నానా? ఇంట్లో మిషన్ ఉంటే ఇంటికే ఒక ధైర్యం. 1924లో ఒకరు గాంధీగారిని మీరు యంత్రాలన్నిటికీ వ్యతిరేకమా అని అడిగితే, సింగర్ కుట్టుమిషన్‌కి మాత్రం ఆయన మినహాయింపు ఇచ్చారు. భార్య చేత్తో కుట్టుకుంటూ పడే అవస్థ చూసి, ఆమె మీద ప్రేమతో సింగర్ దాన్ని తయారుచేశాడని ఆయనే చెప్పారు. అటువంటి వస్తువు మీద టీవీ పెట్టుకోమంటున్నారు మీరు.

దారం_తెగింది
గాంధీగారి మంచితనం అది. ఆ సింగర్‌గారి కథ ఇంకోటి. 1846లోనే ఎలియాస్ హోవ్ పేటెంట్ తీసుకున్నాడు, సింగర్ 1851లో తీసుకున్నాడు, తర్వాత హోవ్‌తో కోర్టులో నెగ్గలేక రాయల్టీ కట్టుకున్నాడు. ఇక ప్రేమంటారా, ఒక భార్య కాదు ఒక ఇల్లు కాదు, ఇరవై మందికి పైగా పిల్లలు. అంతమంది చిరుగులు ఎవరు కుట్టారో ఎక్కడా రాయలేదు.

ప్లానో_పద్మ
😂😂 చచ్చాను.

కాకినాడ_మాస్టారు
మహాత్ముడి మాటని కూడా వెటకారం చేసేవాళ్లతో వాదన అనవసరం. మా ఇంట్లో 32 ఏళ్లుగా నడుస్తున్న పద్ధతి చెప్పాను. ఇష్టమైతే వినండి.

దారం_తెగింది
సరే, సూటిగా అడుగుతాను. ఆ 32 ఏళ్లూ మీ ఇంట్లో కుట్టింది ఎవరు?

బుల్లెట్_రాజు_భీమవరం
అయ్యబాబోయ్.

కాకినాడ_మాస్టారు
మా ఆవిడ. అయితే ఏంటి? ఆవిడకి ఇష్టం కాబట్టి కుట్టింది. నేనేమీ ఊరికే కూర్చోలేదు, బాబిన్ చుట్టి ఇస్తాను, సూదిలో దారం ఎక్కిస్తాను, ఆయిల్ నేనే వేస్తాను. మీకు ఇంత కోపం ఎందుకో నాకు బోధపడటం లేదు. మిషన్ మీద ఇంత కక్ష ఏమిటి?

దారం_తెగింది
కక్ష మిషన్ మీద కాదండీ.

పెళ్లయిన రెండో నెలలో మా మామగారు కొన్నారు. "నీకోసమేనమ్మా, కాలక్షేపంగా ఉంటుంది" అన్నారు. అప్పుడు నేను బీఈడీ చదువుతున్నాను, కాలక్షేపం అక్కర్లేదు నాకు. మొదట దిండు గలీబులు. తర్వాత మరిది ప్యాంటు జిప్పు. తర్వాత ఆడపడుచు పిల్లల యూనిఫాంలు, ప్రతి జూన్‌లో అడుగు మడత విప్పి పొడుగు చెయ్యాలి. ఆ తర్వాత పక్కింటివాళ్ల చీరలకి ఫాల్స్. "మీ కోడలికి వచ్చుగా" అని అడిగితే "దాందేముంది, ఇంట్లో మిషన్ ఉంది కదా" అని మా అత్తగారు చెప్పేసేవారు. దారం డబ్బులు కూడా ఎవరూ ఇవ్వలేదు. అడిగితే బాగుండదు.

పరీక్షకి ముందు రాత్రి ఆడపడుచు కూతురి డాన్సు డ్రెస్సు తెచ్చారు, పొద్దున ఏడింటికి కావాలని. కుట్టాను. పరీక్ష రాయలేదు. మళ్లీ ఏడాది కూడా కుదరలేదు.

టైలర్‌కి ఇస్తే టైలర్ 150 అడుగుతాడు. కాబట్టి అనవసరమైనవి ఎవరూ పట్టుకెళ్లరు. నా దగ్గరికి అన్నీ వచ్చేవి.

కాజా_గుండీ
అక్కా, మీ మాట నాకు బాగా తగిలింది. నేనూ ఒకటి ఒప్పుకుంటాను. మా షాపులో హెమ్మింగ్, కాజాలు మా ఇంటావిడ చేస్తుంది. రాత్రి పిల్లలు పడుకున్నాక. ఆ డబ్బు విడిగా లెక్క వేసి నేను ఎప్పుడూ ఇవ్వలేదు. అంతా ఒకటే గల్లా.

అమీర్‌పేట_అనూష
అయ్యో, నేను జీన్స్ గురించి అడిగితే ఎక్కడికో వెళ్లింది. దారం_తెగిందిగారూ, మీ మాటలు చదివి మా ఆయనకి చూపించాను. నిజం చెప్పాలంటే నాకూ అదే భయం. మా అత్తయ్యగారు మిషన్ దులపగానే "నా జాకెట్లు నాలుగు వదులు చెయ్యాలి" అన్నారు.

దారం_తెగింది
చూశారా.

ప్లానో_పద్మ
అనూషా, వదులు చెయ్యడం అత్తయ్యగారినే నేర్పమను. మిషన్ ఆవిడదే కదా, పని వచ్చే ఉంటుంది. మీ ఆయన్ని పక్కన స్టూలు మీద కూర్చోబెట్టు.

కాకినాడ_మాస్టారు
ఒక రోజు ఆగి రాస్తున్నాను. ఈ చర్చంతా మా ఆవిడకి చదివి వినిపించాను. 32 ఏళ్లు అన్నచోట "34" అని దిద్దింది, ఇంకేమీ అనలేదు. సాయంత్రం అరిగిన కాలర్ చొక్కా, ఒక బ్లేడు తెచ్చి నా ముందు పెట్టి గుడికి వెళ్లిపోయింది.

విప్పడానికే గంటన్నర పట్టింది. కాలర్ పట్టీలోంచి విడదీసేటప్పుడు ఒకచోట బట్ట కూడా కోశాను. మధ్య గుర్తు పెట్టుకోకుండా విప్పాను కాబట్టి తిప్పి పెట్టేసరికి ఒకవైపు అర అంగుళం మిగిలింది. కాలర్‌ని సగానికి మడిచి మధ్యలో సుద్దతో గీత పెట్టుకోవాలట, ఆవిడ వచ్చాక చెప్పింది. ముందు చెప్పొచ్చు కదా అంటే నవ్వింది.

సూది విషయంలో మాత్రం నా మాట మార్చను. 16.

దారం_తెగింది
మడత దగ్గర 18. మీ ఆవిడగారికి నా నమస్కారాలు చెప్పండి.

బుల్లెట్_రాజు_భీమవరం
ఇంతకీ మాసిక పడిందా లేదా?

అమీర్‌పేట_అనూష
సగం పడింది! శనివారం బెల్టు వేయించాం. పాత దుప్పటి ముక్క మీద రెండు గంటలు నేరుగా కుట్టడం ప్రాక్టీసు చేశాను, మా ఆయన ఒక గంట. ఆయన గీతలే నాకన్నా తిన్నగా వచ్చాయి, అది వేరే సంగతి. మొదటి జీన్స్ మీద ఎక్కిస్తే పైన కుట్టు బాగానే కనిపిస్తోంది కానీ తిరగేసి చూస్తే అడుగున దారం అంతా పిచ్చుకగూడులా ముడిపడిపోయింది. బాబిన్ నాలుగుసార్లు తీసి పెట్టాం. అయినా అంతే. బాబిన్ కేసు మార్చాలా?

కాజా_గుండీ
బాబిన్ కేసు ముట్టుకోకండి. అడుగున గూడు కట్టిందంటే చాలాసార్లు తప్పు పై దారంలోనే ఉంటుంది. బట్టని నొక్కిపట్టే మిషన్ పాదం దించి ఉంచి దారం ఎక్కించి ఉంటారు, అప్పుడు టెన్షన్ బిళ్లలు మూసుకునే ఉంటాయి, దారం వాటి మధ్యలోకి దిగదు. పాదం పైకెత్తి, పై దారం మొత్తం తీసేసి మొదటి నుంచి ఎక్కించండి. కుట్టడం మొదలుపెట్టేటప్పుడు రెండు దారాల కొసలూ వెనక్కి లాగి పట్టుకోండి.

అమీర్‌పేట_అనూష
పాదం దించే ఉంచాం! ఇప్పుడే చూస్తాం. ఆయన ఆల్రెడీ కూర్చున్నారు.