నెబ్బియోలో: ఈ పేరులోని మంచు ఎక్కడిది?

మిత్రులకు నమస్కారం. ఇటలీ వైన్ల గురించిన వ్యాసాన్ని తెలుగు చేస్తున్న సభ్యులొకరు, ‘నెబ్బియోలో’ అనే ద్రాక్ష రకాన్ని ‘పొగమంచు ద్రాక్ష’ అనవచ్చునా అని అడిగారు. ఈ మాట మీద నాకు చాలాకాలంగా మక్కువ ఉన్నందువల్ల కొంచెం వివరంగా రాస్తున్నాను.

వాయవ్య ఇటలీలోని పియెమోంతె ప్రాంతంలో, ఆల్బా పట్టణం చుట్టూ ఉన్న లాంగే కొండల మీద పండే నల్ల ద్రాక్ష ఇది. బరోలో, బర్బరెస్కో అనే పేరుపొందిన ఎర్ర వైన్లు రెండూ పూర్తిగా ఈ ఒక్క రకంతోనే తయారవుతాయి. ‘నిబియోల్’ అనే రూపంలో ఈ పేరు 13వ శతాబ్దపు పత్రాలలోనే కనిపిస్తుంది.

ఇటాలియన్‌లో ‘నెబ్బియా’ అంటే పొగమంచు. దీనికి మూలమైన లాటిన్ మాట ‘నెబులా’. మధ్యలోని ‘ఉ’కారం జారిపోయి ‘నెబ్లా’ కావడం, ఆ తరువాత ‘బ్ల’ కాస్తా ‘బ్బియ’ కావడం ఆ భాషలో నియమబద్ధంగా జరిగిన మార్పే. ఈ ‘నెబులా’కూ మన ‘నభస్సు’కూ చుట్టరికం ఉంది. పద మధ్యంలో సంస్కృతపు ‘భ’కారానికి లాటిన్‌లో ‘బ’కారం రావడం మామూలు. మనం నభము అంటే ఆకాశమనే అనుకుంటాము కానీ, వేదకాలంలో ఆ మాటకు మబ్బు, మంచు అనే అర్థాలు కూడా ఉండేవి. వానలు కురిసే శ్రావణ మాసానికి ‘నభస్సు’ అనే పేరు ఉండడంలో ఆ పాత అర్థపు జాడ ఇంకా మిగిలి ఉన్నదని నాకు అనిపిస్తుంది.

ఇక అసలు ప్రశ్న: ఆ మంచు ఎక్కడి మంచు? దీనికి రెండు వివరణలు ప్రచారంలో ఉన్నాయి. ఈ ద్రాక్ష తొందరగా చిగురించి చాలా ఆలస్యంగా పండుతుంది. దొల్చెత్తో, బార్బెరా వంటి ఇరుగుపొరుగు రకాలను కోసేసిన తరువాత, అక్టోబరులో లాంగే లోయలను పొగమంచు కమ్ముకునే వేళకు కూడా ఇది తీగ మీదనే ఉంటుంది కాబట్టి ఆ పేరు వచ్చిందన్నది మొదటి వివరణ. పండిన పళ్ల మీద మంచు పట్టినట్లు దట్టంగా కనిపించే తెల్లని మైనపు పొర వల్ల వచ్చిందన్నది రెండవది. శ్రేష్ఠమైనది అనే అర్థమున్న ‘నోబిలె’ నుంచి పుట్టిందనే వాదం కూడా ఉంది కానీ, ధ్వని మార్పుల దృష్ట్యా అది నిలవదు.

నేను రెండవ వివరణ వైపే మొగ్గుతాను. ‘ఓలో’ అనేది చిన్నతనాన్ని సూచించే ప్రత్యయం. లోయంతా నిండే మంచు కంటే, వేలితో తుడిస్తే పోయే పలుచని పొరకే ఆ ప్రత్యయం ఎక్కువగా నప్పుతుంది. పైగా పంట పండించేవారు కాయను దాని ఒంటి మీది గుర్తును బట్టి పిలుచుకోవడం మనకు కొత్త కాదు. బూడిద గుమ్మడికాయకు ఆ పేరు వచ్చింది సరిగ్గా ఇటువంటి తెల్లని పొర వల్లనే కదా! అయితే ఆ పోలికను పట్టుకుని దీనిని ‘బూడిద ద్రాక్ష’ అని మాత్రం రాయకూడదు. ద్రాక్ష రైతుకు బూడిద అనగానే తోటను పాడుచేసే బూడిద తెగులే గుర్తుకు వస్తుంది.

‘పొగమంచు ద్రాక్ష’ కూడా వద్దనే నా అభిప్రాయం. అది రెండు వివరణలలో ఒకదానినే ఖాయం చేసేస్తుంది. అంతేకాక, ఈ ద్రాక్షకు ఇటలీలోనే అన్నిచోట్లా మంచు పేరు లేదు. గత్తినారా వైపు దీనిని స్పాన్నా అంటారు, వల్తెల్లీనా లోయలో కియవెన్నాస్కా అంటారు. ద్విత్వాక్షరమూ అజంతమూ రెండూ మన భాషకు సహజమైనవే కాబట్టి ‘నెబ్బియోలో’ అన్న రూపం తెలుగు నోటికి ఏ ఇబ్బందీ కలిగించదు.

ప్రశ్న అడిగిన సభ్యుల వ్యాఖ్య: ధన్యవాదాలండీ. మరొక సందేహం. ఈ వైన్‌లో టానిన్లు (ద్రాక్ష తొక్క, గింజలలో ఉండే పదార్థాలు) ఎక్కువ అని మూలంలో ఉన్నచోట నేను ‘కషాయ రుచి ఎక్కువ’ అని రాశాను. అది సరిపోతుందా?

సమాధానం: షడ్రుచుల లెక్కలో కషాయమన్నది సరైన మాటే గానీ, నేటి తెలుగు పాఠకుడికి కషాయం అంటే మిరియాలో శొంఠో వేసి కాచిన మందు. ఇక్కడ మీకు కావలసిన మాట ‘వగరు’. మామిడి పిందె, పచ్చి వక్క, కరక్కాయ నోటిని ఎలా పట్టేస్తాయో, టానిన్లు కూడా లాలాజలంలోని ప్రోటీన్లను పట్టి నాలుకను అలాగే ఎండగడతాయి. దీనిని చేదుతో కలపకండి. చేదు ఒక రుచి, వగరు ముఖ్యంగా ఒక స్పర్శ. శ్రీకాళహస్తి కలంకారీ పనివారు రంగు పట్టడానికి బట్టను కరక్కాయ కలిపిన పాలలో నానబెట్టేది ఆ వగరు పదార్థం కోసమే.

నెబ్బియోలో విషయంలో ఈ మాట మరింత ముఖ్యం. దీని వైన్ రంగులో పలుచన, వయసు పెరిగేకొద్దీ ఇటుక రంగుకు తిరుగుతుంది. వాసనలో గులాబీ, తారు కలిసి ఉంటాయని రుచి చూసేవారు చెబుతారు. ఆ పలుచని రంగును చూసి తేలిక అనుకుని నోట్లో పోసుకున్నవారికి మొదట తగిలేది వగరే. బరోలోను కనీసం 38 నెలలు, అందులో 18 నెలలు కొయ్య పీపాలలో, నిలవ ఉంచిన తరువాతనే అమ్మాలన్న నిబంధన ఉంది. ఆ కాలంలో వగరు కొంత మెత్తబడుతుంది. కాబట్టి మీ అనువాదంలో ‘కరకు వగరు’, ‘మెత్తని వగరు’ అని తేడా చూపించండి. నెబ్బియోలో పేరును అలాగే ఉంచి, మొదటిసారి వచ్చినచోట మాత్రం మంచు అనే అర్థాన్ని ఒక్క వాక్యంలో చెప్పండి.